మాంట్‌గోమరీ బస్సులూ ఫెడరల్ జిల్లా న్యాయస్థానమూ: వ్యక్తి హక్కుల రక్షణపై ఒక పరిశీలన

అమెరికా న్యాయవ్యవస్థను పరిచయం చేసే మన రాజనీతిశాస్త్ర గ్రంథాలు సాధారణంగా 1803 నాటి మార్బరీ కేసుతో మొదలై న్యాయసమీక్ష దగ్గర ఆగిపోతాయి. సుప్రీంకోర్టులోని తొమ్మిది మందే ఆ వ్యవస్థ అనిపిస్తుంది. దేశమంతటా ఉన్న 94 ఫెడరల్ జిల్లా న్యాయస్థానాలు పటంలో అట్టడుగు గడిగా మిగిలిపోతాయి. వ్యక్తి హక్కు నిలిచేదీ కూలేదీ ఆ అట్టడుగు గడిలోనేనన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఈ ప్రతిపాదనకు గట్టి ఎదురుపక్షం జెరాల్డ్ రోజెన్‌బర్గ్ 1991లో వెలువరించిన 'ది హాలో హోప్'. న్యాయస్థానాలు తమంతట తాము సామాజిక మార్పు తేలేవనీ, కాంగ్రెసూ కార్యనిర్వాహకవర్గమూ కదిలితేనే తీర్పులు అమలవుతాయనీ ఆయన వాదం. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు వచ్చిన పదేళ్లకు కూడా దక్షిణాదిలో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్న నల్లజాతి పిల్లలు నూటికి ఇద్దరైనా లేరన్న లెక్క ఆయనకు ప్రధానాస్త్రం. లెక్క సరైనదే. అయితే బడుల లెక్క చూపి న్యాయస్థానాల శక్తి మొత్తాన్నీ తేల్చేయడం అన్యాయం. జాతి వేర్పాటుకు నిరసనగా అలబామాలోని మాంట్‌గోమరీలో నల్లవారు సాగించిన బస్సుల బహిష్కరణకు బ్రౌన్ తీర్పు ప్రేరణ అనడానికి ఆధారాలు చాలవని కూడా ఆయన అంటారు. బ్రౌన్ తీర్పు మే 17న వచ్చింది. అదే నెల 21న మాంట్‌గోమరీ నల్లజాతి మహిళా సంఘం నాయకురాలు జో ఆన్ రాబిన్సన్ నగర మేయరు గేల్‌కు ఉత్తరం రాస్తూ బహిష్కరణ మాట ఎత్తారు. ఉత్తరంలో తీర్పు ప్రస్తావన లేకపోవచ్చు. నాలుగు రోజుల ఎడం మాత్రం కాకతాళీయం అనుకోవడం కష్టం.

ప్రేరణ సంగతి పక్కన పెట్టినా, బహిష్కరణకు ముగింపు ఎలా వచ్చిందో రోజెన్‌బర్గ్ చూడవలసినంత దగ్గరగా చూడలేదు.

రోజా పార్క్స్ బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు 1955 డిసెంబరు 1న అరెస్టయ్యారు; బహిష్కరణకు నాంది అదే. నాలుగు రోజుల్లో నగర న్యాయస్థానం పది డాలర్ల జరిమానా, నాలుగు డాలర్ల ఖర్చులు వేసింది. ఆమె అప్పీలు రాష్ట్ర న్యాయస్థానాల దారి పట్టింది. ఆ దారిలో కేసు ఎంతకాలం నలుగుతుందో న్యాయవాది ఫ్రెడ్ గ్రేకి తెలుసు. అందుకే ఆయన పార్క్స్ పేరు లేకుండా 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ జిల్లా న్యాయస్థానంలో వేరే దావా వేశారు. అదే బ్రౌడర్ వర్సెస్ గేల్. ఒరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయీజ్ స్మిత్ చివరిదాకా నిలబడిన వాదులు. బస్సులో సీటు వదలనన్నందుకు 1955 మార్చిలో అరెస్టయిన నాటికి కాల్విన్ వయసు పదిహేనేళ్లు.

దావాకు పునాది, అందరికీ చట్టపు సమాన రక్షణ హామీ ఇచ్చే అమెరికా రాజ్యాంగ 14వ సవరణ. దాన్ని ఫెడరల్ న్యాయస్థానం గడప ఎక్కించింది 1871 నాటి కూ క్లక్స్ క్లాన్ చట్టం: రాష్ట్రాధికారం పేరుతో హక్కు హరించినవారిపై ఎవరైనా దావా వేయవచ్చని అది చెప్పింది. రాష్ట్ర చట్టాన్ని నిలిపేయమని కోరే కేసును ముగ్గురు న్యాయమూర్తులు వినాలనీ, అక్కడి నుంచి అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాలనీ అప్పట్లో నిబంధన. రిచర్డ్ రైవ్స్, ఫ్రాంక్ జాన్సన్ ఒకవైపు, సేబర్న్ లిన్ మరోవైపు నిలవగా, జూన్ 5న బస్సుల్లో జాతి వేర్పాటు చట్టాలు చెల్లవని తీర్పు వచ్చింది. నవంబరు 13న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. దావా పడిన తొమ్మిదిన్నర నెలల్లో కథ తేలిపోయింది.

అదే కాలంలో రాష్ట్ర న్యాయస్థానాలు ఏం చేశాయి? పాత బహిష్కరణ వ్యతిరేక చట్టం కింద బహిష్కరణ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌కు శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన నవంబరు 13నే, బహిష్కరణకు ఊపిరిగా ఉన్న ఉమ్మడి కార్ల ఏర్పాటును ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చాయి. పార్క్స్ అప్పీలు 1957లో ఓడిపోయింది. అప్పటికే, 1956 డిసెంబరు 21 నుంచి, నల్లవారు నచ్చిన సీట్లో కూర్చుంటున్నారు. ఒకే నగరం, ఒకే అన్యాయం, రెండు న్యాయ మార్గాలు. ఇంతకంటే స్పష్టమైన పోలిక చరిత్రలో అరుదు. 381 రోజులు నడిచి పనులకు వెళ్లిన జనం లేకపోతే ఈ దావాకు ఇంత బలం ఉండేది కాదన్నది నిజం. కానీ నగర పాలకులు ఆ నడకకు లొంగలేదు, ఉత్తర్వుకు లొంగారు.

న్యాయమూర్తి జాన్సన్ వేర్పాటు చట్టాలను కొట్టేసే ధైర్యం చూపగలిగింది పదవి జీవితకాలపుది, జీతం తగ్గించరానిది కాబట్టి. ఆయన ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. 1967లో ఆయన తల్లి ఇంటిపై బాంబు వేశారు. అయినా ఆయన్ను కుర్చీలోంచి కదపలేకపోయారు. 1965 మార్చి 17న ఓటుహక్కు కోసం తలపెట్టిన సెల్మా పాదయాత్రకు అలబామా గవర్నర్ వాలెస్ అడ్డురాకుండా ఉత్తర్వు ఇచ్చిందీ ఆయనే. ఓటుహక్కు చట్టం అప్పటికి ఇంకా కాంగ్రెస్ గడప దాటలేదు.

ఈ మార్గం నేటికీ పనిచేస్తున్నది. 2025 వసంతంలో అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల చట్టబద్ధ హోదాను తెలిపే సెవిస్ నమోదులను ఉన్నట్టుండి రద్దు చేసింది. తెలుగు ఇళ్లలో ఆ వారాల ఆందోళన మనందరికీ తెలుసు. విద్యార్థులు రాష్ట్రరాష్ట్రానా ఫెడరల్ జిల్లా న్యాయస్థానాలకు వెళ్లి తాత్కాలిక ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం నమోదులను పునరుద్ధరిస్తామని న్యాయస్థానానికి చెప్పింది. కాంగ్రెస్ చట్టమేదీ చేయలేదు. సుప్రీంకోర్టుదాకా వెళ్లే పనే పడలేదు. ఆ తరువాత జూన్‌లో దేశవ్యాప్త ఇంజంక్షన్లను సుప్రీంకోర్టు కుదించినా, దావా వేసిన వ్యక్తికి దక్కే రక్షణకు లోటు రాలేదు.

కాబట్టి న్యాయస్థానాలపై ఆశ డొల్ల అన్న నిర్ణయం చెల్లదు. స్వతంత్రుడైన న్యాయమూర్తి, సామాన్యుడు నేరుగా ఎక్కగల గడప, వెంటనే అమలయ్యే ఉత్తర్వు, ఈ మూడూ ఉన్నచోట ఒంటరి మనిషి ప్రభుత్వాన్ని ఆపగలడు. హక్కుల చరిత్ర ఏ దేశానిదైనా తొలి న్యాయస్థానం రికార్డుల నుంచే రాయాలి. మన పాఠ్యగ్రంథాలు మార్బరీ పక్కన బ్రౌడర్‌కు చోటివ్వాలి.