తెరవని నల్ల సంచులు: అమెరికా కామిక్ పుస్తకాల బజారులో ఒక వెర్రి, దాని పర్యవసానం

1992 నవంబర్ 18, బుధవారం. ఆ రోజు అమెరికా అంతటా కామిక్ పుస్తకాల దుకాణాల ముందు జనం బారులు తీరారు. విడుదలవుతున్నది సూపర్‌మ్యాన్ 75వ సంచిక. అందులో సూపర్‌మ్యాన్ చనిపోతాడని పత్రికలూ టెలివిజనూ వారాల తరబడి చాటింపు వేశాయి. దుకాణాల కోసం తయారు చేసిన ప్రత్యేక ప్రతి వెల రెండున్నర డాలర్లు. దానిని నల్లటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసేశారు. పుస్తకంతోపాటు చేతికి కట్టుకునే నల్ల పట్టీ, దినపత్రికలో వచ్చినట్టుగా అచ్చు వేసిన మరణవార్త, ఒక పోస్టరు కూడా ఆ సంచిలో ఉన్నాయి. వరసలో నిలబడ్డవారిలో చాలామంది ఆ కథను ఏళ్ళ తరబడి చదువుతూ వచ్చినవారు కారు. అంతవరకు కామిక్ దుకాణం గడప తొక్కనివారు కూడా వచ్చి తలా రెండో, అయిదో, పదో ప్రతులు కొనుక్కున్నారు. కొన్నవాటిని తెరవలేదు. సంచి చింపితే విలువ పోతుందనీ, భద్రంగా దాచితే పిల్లల కాలేజీ చదువులకు అక్కరకొస్తుందనీ వారి నమ్మకం.

ఆ సంచి లోపల ఒక విశేషముంది. కథ రాసి, బొమ్మలు కూర్చిన డాన్ జర్గెన్స్ ఆ సంచికలో పేజీకి ఒకే ఒక బొమ్మ ఉంచారు. దానికి ముందు వచ్చిన సంచికల్లో పేజీకి నాలుగు, ఆ తర్వాత మూడు, ఆ తర్వాత రెండు బొమ్మలు. ప్రాణం ఒక్కొక్క మెట్టే దిగిపోతున్నట్టు ఆ లెక్క తగ్గుతూ వచ్చి చివరికి ఒకటి దగ్గర ఆగింది. సంచి విప్పనివారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

అన్ని ముద్రణలూ కలిపి ఆ సంచిక సుమారు 60 లక్షల ప్రతులు అమ్ముడైందని అంచనా. నాలుగేళ్ళు తిరగకుండానే ఆ బజారు కుప్పకూలింది. వేల దుకాణాలు మూతపడ్డాయి. అమెరికాలో అతిపెద్ద కామిక్ ప్రచురణ సంస్థ దివాలా కోర్టుకెక్కింది. ఇంతకూ జనం కొన్నది దేనిని? ప్రచురణకర్తలు అమ్మింది దేనిని? దీనికి జవాబు కావాలంటే అర శతాబ్దం వెనక్కి వెళ్ళాలి.

చిత్తు కాగితానికి విలువ వచ్చిన వైనం

1938 జూన్ నెల సంచికగా వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికతో సూపర్‌మ్యాన్ లోకానికి పరిచయమయ్యాడు. వెల పది సెంట్లు. అచ్చయిన ప్రతులు సుమారు రెండు లక్షలు. పిల్లలు వాటిని మడిచి జేబుల్లో పెట్టుకున్నారు, చేతులు మార్చుకున్నారు, చిరిగేదాకా చదివారు. చదవడం అయ్యాక తల్లులు చెత్తలో పారేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితం సేకరించే ఉద్యమాలు సాగినప్పుడు కట్టలు కట్టలుగా కామిక్ పుస్తకాలు కూడా గుజ్జుగా మారాయి. 1940ల చివర్లో కొన్ని ఊళ్ళలో బడిపిల్లల చేతనే వాటిని కుప్పపోయించి తగలబెట్టించారు. న్యూయార్క్ మనోవైద్యుడు ఫ్రెడరిక్ వర్థమ్, బాలనేరాలకు కామిక్స్ కారణమవుతున్నాయని వాదిస్తూ 1954లో పుస్తకం ప్రచురించారు. అదే ఏడాది సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. దాంతో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకున్నారు.

కాగితం కూడా అల్పాయుష్షుదే. చవకరకం న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. గాలి, వెలుతురు తగిలితే అది ఆమ్లాలుగా మారి కాగితాన్ని పసుపుబార్చి, పెళుసుగా చేస్తుంది. ఇన్ని గండాలూ గడిచి ఆ మొదటి సంచికలో నేటికి మిగిలినవి ఒక వంద ప్రతుల దరిదాపుల్లో ఉంటాయని సేకర్తల అంచనా.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. ఈ అరుదుతనాన్ని ఎవరూ పథకం వేసి సృష్టించలేదు. అది దాచాలన్న ఆలోచన ఎవరికీ లేకపోవడం వల్ల ఏర్పడింది. పదిమంది చదివి ప్రేమించారు గనుక తర్వాత అడిగేవారు ఉన్నారు. పదిమందీ పారేశారు గనుక ఇవ్వగలిగేవారు లేరు. ఆ రెండూ కలిస్తేనే పది సెంట్ల కాగితానికి విలువ వచ్చింది. చిత్రమేమిటంటే, వర్థమ్ తన పుస్తకంలో తప్పుపట్టిన సంచికలకు ఆ తప్పుపట్టడం వల్లనే సేకర్తలు తర్వాతి కాలంలో ఎక్కువ ధర చెల్లించారు.

ధరల పట్టిక, తిరిగి తీసుకోని సరకు

1964లో న్యూయార్క్‌లో కామిక్ అభిమానుల తొలి సమావేశం జరిగింది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టిక పుస్తకంగా వెలువడింది. పాత సంచికలకు ఏ స్థితిలో ఉన్నవాటికి ఎంత ధర అన్నది అంతకుముందు నోటిమాట మీద నడిచేది. అది అచ్చులోకి ఎక్కేసరికి అభిరుచి ఆస్తిగా కనబడసాగింది. 1977లో కొలరాడోలో ఎడ్గార్ చర్చ్ అనే చిత్రకారుడు దాచుకున్న వేల సంచికలు చక్ రొజాన్‌స్కీ అనే యువ వ్యాపారి చేతికి వచ్చాయి. దశాబ్దాల నాటి ఆ సంచికలు నిన్ననే అచ్చయినట్టు తళతళలాడుతూ ఉండడం సేకర్తల లోకాన్ని ఊపేసింది. తమ చిన్ననాటి కట్టను అమ్మ పారేసిందని మధ్యవయస్కులు వాపోవడం ఆ తరంలో పరిపాటయింది.

ఇదే కాలంలో అమ్మకం పద్ధతి కూడా మారింది. అంతకుముందు కామిక్స్ పత్రికల దుకాణాల్లో అమ్మేవారు. అమ్ముడుపోని ప్రతులను ప్రచురణకర్త వెనక్కి తీసుకునేవాడు. 1970ల తొలినాళ్ళలో బ్రూక్లిన్‌కు చెందిన ఫిల్ స్యూలింగ్ ప్రచురణకర్తలతో కొత్త ఒప్పందం చేసుకున్నారు. దుకాణాలకు సరకు ఎక్కువ తగ్గింపు ధరకు వస్తుంది. మిగిలితే మాత్రం వెనక్కి పోదు. కామిక్స్ కోసమే ప్రత్యేకమైన దుకాణాలు దేశమంతటా వెలిసింది ఈ ఏర్పాటు వల్లనే. చిన్న ప్రచురణకర్తలకూ, కొత్త రచయితలకూ అది ఊపిరి పోసింది.

కానీ ఆ ఏర్పాటులో ఒక లొసుగుంది. దుకాణదారుడు నెలల ముందుగానే ఆర్డరు పెట్టాలి. అతడు కొన్న క్షణాన ప్రచురణకర్త పద్దులో అది అమ్మకం కింద జమ అవుతుంది. పాఠకుడు కొన్నాడా, కొట్టు వెనకగదిలో అట్టపెట్టెల్లోనే ఉండిపోయిందా అన్న ప్రశ్న ప్రచురణకర్తకు అక్కర లేదు. నష్టభయమంతా గొలుసులో చివర ఉన్న చిల్లర వ్యాపారిది.

వాపూ బలుపూ

1989లో బ్యాట్‌మ్యాన్ సినిమా విజయవంతమయింది. పాత కామిక్స్ వేలం ధరలు వార్తలకెక్కాయి. బేస్‌బాల్ కార్డుల మీద మదుపు చేసినవారిలో కొందరు కొత్త బజారు కోసం ఇటు చూశారు. ప్రచురణకర్తలకు ఒక చిట్కా దొరికింది: మొదటి సంచికకు విలువ ఉంటుందని జనం నమ్ముతున్నారు గనుక మొదటి సంచికలనే మళ్ళీ మళ్ళీ తేవాలి. 1990లో టాడ్ మెక్‌ఫార్లేన్ గీసిన స్పైడర్‌మ్యాన్ మొదటి సంచిక సుమారు 25 లక్షలు అమ్ముడయింది. 1991లో ఎక్స్-ఫోర్స్ మొదటి సంచిక సుమారు 50 లక్షలు. దాని సంచిలో అయిదు రకాల కార్డుల్లో ఏదో ఒకటి ఉండేది. అయిదూ కావాలంటే అయిదు ప్రతులు కొనాలి. చదవాలంటే ఆరోది కొని చింపాలి. అదే ఏడాది ఎక్స్-మెన్ మొదటి సంచిక అయిదు ముఖచిత్రాలతో వచ్చి 80 లక్షలు దాటింది. ఆ రికార్డు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఆ 80 లక్షలూ దుకాణాలు పెట్టిన ఆర్డర్లు. పాఠకుల సంఖ్య అందులో ఎన్నో వంతు మాత్రమే. ఒక్కొక్కరూ అయిదారు ప్రతులు కొన్నా కూడా పెట్టెలు మిగిలాయి. వాపును చూసి బలుపనుకున్నారు.

వాలియంట్ అనే కొత్త సంస్థ కథ ఈ వెర్రిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 1992లో వారి హార్బింజర్ తొలి సంచికల్లో కూపన్లు ఉండేవి. వాటిని కత్తిరించి పంపినవారికి ప్రత్యేక సంచిక వచ్చేది. కథను ఇష్టపడిన పిల్లలు కత్తిరించారు. కొద్ది నెలల్లోనే కూపను చెక్కుచెదరని ప్రతులకు ధర పెరిగిపోయింది. పుస్తకాన్ని పుస్తకంగా వాడుకున్నవాడు నష్టపోయినట్టూ, ముట్టకుండా దాచినవాడు తెలివైనవాడయినట్టూ తేలింది. ఈ పాఠం అందరూ నేర్చుకున్నారు. 1991లో మొదలైన విజార్డ్ పత్రిక నెలనెలా ఏ సంచిక ధర పెరుగుతోందో పట్టిక వేసి చెప్పేది. మెరిసే రేకు అట్టలు, హోలోగ్రాములు, చీకట్లో వెలిగే ముఖచిత్రాలు బజారును ముంచెత్తాయి.

హెచ్చరించినవారు లేకపోలేదు. 1993లో రచయిత నీల్ గైమన్ దుకాణదారుల సమావేశంలోనే మాట్లాడుతూ, 17వ శతాబ్దపు హాలెండులో టులిప్ గడ్డల మీద ఇళ్ళూవాకిళ్ళూ ఒడ్డినవారిని గుర్తుచేశారు. చదవడానికి పనికొచ్చే మంచి కథలు అమ్మండి, మదుపు సరుకుగా అమ్మకండి అన్నది ఆయన మాటల సారాంశం.

పుట్టి మునిగింది

అదే 1993లో సూపర్‌మ్యాన్ తిరిగి బతికాడు. ఆ పునరుత్థానానికి నాంది పలికిన సంచికను కూడా దుకాణదారులు లక్షల సంఖ్యలో తెప్పించుకున్నారు. ఈసారి బారులు లేవు. నల్ల సంచులు అమ్మి లాభం చేసుకుందామని వెళ్ళినవారికి ప్రతి ఇంట్లోనూ అదే సంచి ఉందని అప్పటికి తెలిసివచ్చింది. వాలియంట్ సంస్థ టురోక్ మొదటి సంచికను 17 లక్షల దాకా అచ్చువేసింది. అందులో ఎక్కువభాగం కొట్లలోనే ఉండిపోయింది. కొత్త సంస్థల పుస్తకాలు కొన్ని చెప్పిన నెలకు రాక, నెలల తరబడి ఆలస్యమయ్యాయి. ఈలోగా దుకాణదారుల డబ్బు ఆర్డర్లలో ఇరుక్కుంది. సరకు వచ్చేసరికి కొనేవాడు లేడు. వెనక్కి పంపే వీలూ లేదు.

మదుపుదారులు వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయారు. నష్టం అంతటితో ఆగలేదు. అట్టల తళుకుల కోసం కథను పక్కనబెట్టిన ఆ నాలుగేళ్ళలో, ఎప్పటినుంచో చదువుతున్నవారు కూడా విసిగిపోయి దూరమయ్యారు. చాలా ఊళ్ళలో పిల్లలకు కామిక్స్ దొరికే చోటు ఆ ఒక్క కొట్టే. అది మూతపడితే తర్వాతి పాఠకుడు పుట్టే దారే మూసుకుపోతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

మార్వెల్ సంస్థను 1989లో రొనాల్డ్ పెరెల్మన్ 8 కోట్ల 25 లక్షల డాలర్లకు కొన్నారు. 1991లో వాటాలు బజారులోకి వచ్చాయి. అప్పులు తెచ్చి కార్డుల కంపెనీలనూ, స్టిక్కర్ల కంపెనీనీ కొన్నారు. 1994 చివర ఒక పంపిణీ సంస్థను కూడా కొని, తమ పుస్తకాలను తామే పంపిణీ చేసుకోబోయారు. దాంతో పంపిణీ వ్యవస్థ మొత్తం అతలాకుతలమై, చివరికి డైమండ్ అనే ఒకే ఒక పెద్ద పంపిణీదారు మిగిలాడు. కార్డుల గిరాకీ పడిపోయింది. కామిక్స్ అమ్మకాలు పడిపోయాయి. 1996 డిసెంబరు 27న మార్వెల్ దివాలా రక్షణ కోరింది. 1998లో ఒక బొమ్మల కంపెనీతో కలిసి మళ్ళీ లేచి నిలబడింది. 2009లో డిస్నీ దానిని దాదాపు 400 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. మూతపడిన కొట్లకు మాత్రం అటువంటి పునర్జన్మ లభించలేదు.

గాజుపెట్టెలో కథ

2000లో కామిక్స్ స్థితిని పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని ధ్రువీకరించి, గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య బిగించి ఇచ్చే సంస్థ మొదలయింది. అలా బిగించిన పుస్తకాన్ని పలక పగలగొట్టకుండా చదవలేరు. నల్ల సంచి పోయి పారదర్శకమైన పెట్టె వచ్చింది. చదవకపోవడం మాత్రం అలాగే ఉంది. కోవిడ్ కాలంలో ధరలు మరోసారి ఎగిరాయి. 2021లో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1962 నాటి సంచిక ఒకటి 36 లక్షల డాలర్లు పలికింది. 2024లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఒకటి 60 లక్షలకు పోయింది. ఎక్స్-మెన్ 1991 సంచిక మాత్రం నేటికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. రెంటికీ తేడా కథ గొప్పతనంలో లేదు. ఒకదాన్ని ఎవరూ దాచలేదు. రెండోదాన్ని అందరూ దాచారు.

సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్‌లకు 1938లో ఆ పాత్ర హక్కుల కింద ముట్టింది 130 డాలర్లు. ఎన్నో వ్యాజ్యాల తర్వాత, పత్రికల్లో గోల జరిగాక, 1975లో ఇద్దరికీ చెరొక 20,000 డాలర్ల వార్షిక భృతి, పుస్తకాల మీద వారి పేర్లు వేసే ఏర్పాటు లభించాయి. అప్పటికి ఆ బొమ్మలు గీసిన షుస్టర్ కంటిచూపు చాలావరకు పోయింది. ఆనాటి 130 డాలర్లు కలిపి రాసిన 412 డాలర్ల చెక్కు కాగితం 2012లో వేలానికి వచ్చి 1,60,000 డాలర్లు పలికింది. మనిషికి ఇచ్చిన డబ్బుకంటే, ఇచ్చినట్టు రుజువు చేసే కాగితం కొన్ని వందల రెట్లు విలువైనదయింది.

జో షుస్టర్ 1992 జూలై 30న కాలిఫోర్నియాలో కన్నుమూశారు. దాదాపు పదహారు వారాలకు ఆయన బొమ్మ చనిపోయినందుకు దేశమంతా దుకాణాల ముందు బారులు తీరింది. ఆ రోజు కొన్న సంతాపపు నల్ల పట్టీలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళ అటకల మీద, గరాజుల్లో, విప్పని సంచుల్లోనే ఉన్నాయి.