ఆ 24 గంటల కోసం

1974లో ప్రభుత్వం పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో నిందితులు నలభై మందికి పైనే. కొండపల్లి సీతారామయ్య, కె.జి.సత్యమూర్తి వంటి విప్లవ నాయకుల సరసన విప్లవ రచయితల సంఘం (విరసం) సభ్యులనూ నిలబెట్టారు. కె.వి.రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు, ఎం.టి.ఖాన్, ఎం.రంగనాథం, వరవరరావు అందులో ఉన్నారు. రాతలతో జనాన్ని సాయుధ తిరుగుబాటుకు రెచ్చగొట్టారన్నది వాళ్ల మీద అభియోగం. విచారణ పదిహేనేళ్లు సాగింది. తీర్పు వినకుండానే 1982లో చెరబండరాజు కన్నుమూశాడు. చివరికి 1989లో కోర్టు కేసు కొట్టేసింది.

పదిహేనేళ్లు వాయిదాలకు తిరగడం తక్కువ శిక్షేమీ కాదు. అయినా వాళ్లకు ఒక కేసు నంబరుంది, వాయిదా తేదీ ఉంది, ముఖం చూసి పేరు రాసుకున్న మేజిస్ట్రేటు ఉన్నాడు. అదే రోజుల్లో ఇవేవీ దక్కనివాళ్లు తెలుగు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఇంట్లోంచో బస్టాండులోంచో ఎవరో పట్టుకుపోతారు. అడిగితే ఏ ఠాణాలోనూ పేరుండదు. కొన్నాళ్లకు అడవిలో ‘ఎదురుకాల్పుల’ వార్త వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. అర్జెంటీనాలో, చిలీలో ‘మాయమైనవారు’ అని లోకమంతా పిలిచిన వాళ్ల లాంటివాళ్లే ఇక్కడా ఉన్నారు. ఇక్కడి పత్రికల్లో వాళ్లకు దొరికిన మాట ‘మిస్సింగ్’. వాళ్ల కోసం నడిచిన పోరాటానికి సికింద్రాబాద్‌తో దగ్గరి చుట్టరికం ఉంది.

కథ మొదలైంది మాత్రం శ్రీకాకుళంలో. 1969 మే 27న జలంత్రకోట దగ్గర అక్కడి విప్లవోద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తితో పాటు మరో ఆరుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రైలు దిగినవాళ్లను పట్టుకుని, తర్వాత తీసుకెళ్లి చంపారని ఉద్యమకారులన్నారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. తర్వాతి యాభై ఏళ్లలో ఈ రెండు వాక్యాలూ ఊరు పేరు మార్చుకుని ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్కలేదు.

ఎమర్జెన్సీ వచ్చి సరిగ్గా నెల తిరిగేసరికి, 1975 జులై 25న, అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో జనార్దన్, మురళీమోహన్, ఆనందరావు, సుధాకర్ అనే నలుగురు విద్యార్థులు చనిపోయారు. జనార్దన్ వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు. అప్పుడు అడిగే నోరు లేదు. పత్రికల మీద సెన్సారుంది. 1976 ఏప్రిల్ 28న నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించే హెబియస్ కార్పస్ తలుపు కూడా సుప్రీంకోర్టు మూసేసింది. ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని ఎవరూ కోర్టులో ప్రశ్నించలేరని ఐదుగురు జడ్జీల్లో నలుగురు తేల్చారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే.

1977లో ఇందిరాగాంధీ ఓడిపోగానే జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఒక నిజనిర్ధారణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు వి.ఎం.తార్కుండే. సభ్యుల్లో నవకృష్ణ చౌధురి, కాళోజీ నారాయణరావు, ఎం.వి.రామమూర్తి, బి.జి.వర్గీస్, అరుణ్ శౌరి ఉన్నారు. సాక్షులను వెతికి తెచ్చే భారం న్యాయవాది కె.జి.కన్నబిరాన్‌ది. ప్రభుత్వ అధికారం ఒక్కటీ లేని ఈ కమిటీ ఊళ్లకు వెళ్లి, భయపడుతున్న మనుషుల నోరు విప్పించింది. గిరాయిపల్లిలో జరిగింది ఎదురుకాల్పులు కాదని, పట్టుకున్న నలుగురినీ చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది.

అదే ఏడాది, కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్ కేసు కేరళను కుదిపేసింది. 1976 మార్చి 1న పోలీసులు హాస్టలు నుంచి పట్టుకుపోయిన కొడుకు కోసం ఈచర వారియర్ అనే హిందీ మాస్టారు ఎక్కని గడప లేదు. ఎమర్జెన్సీ పోగానే ఆయన కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. రాజన్ మా దగ్గర లేడన్న ప్రభుత్వ జవాబును కోర్టు నమ్మలేదు. ముఖ్యమంత్రి కరుణాకరన్ కుర్చీ ఎక్కిన నెలకే దిగిపోయారు. రాజన్ శవం మాత్రం తండ్రి చేతికి ఏనాడూ రాలేదు.

ఇక్కడ ఎవరూ కుర్చీ దిగలేదు. తార్కుండే కమిటీ నివేదికలు రేపిన అలజడికి రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగ విచారణలో సాక్షులు నోరు విప్పడం మొదలెట్టగానే, ఇక మీదట గుట్టుగా విచారించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. తలుపులు మూసిన గదిలో సాక్షులకు రక్షణ ఏముంటుందని తార్కుండే, కన్నబిరాన్ తప్పుకున్నారు. కమిషన్ కథ అంతటితో ముగిసింది.

అందులోంచి కన్నబిరాన్ ఒక పాఠం నేర్చుకున్నారు. మనిషి చచ్చాక నిజం తేల్చడం ఎంత కష్టమో తెలిసింది గనక, చావకముందే అడ్డుపడాలి. మదురైలో పుట్టి, నెల్లూరులో పెరిగి, హైదరాబాద్ హైకోర్టులో స్థిరపడిన ఈ న్యాయవాది 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడు. సికింద్రాబాద్ మారేడుపల్లిలో ఉండేవారు. కుట్ర కేసులోనూ నిందితుల తరఫున వాదించారు. తెలుగులో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు ‘24 గంటలు’.

రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రయాణానికి పట్టే సమయానికే మినహాయింపు. పౌరహక్కుల సంఘం పనంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. మామూలు కుటుంబం అరెస్టు అంటే హడలిపోతుంది. ఈ కుటుంబాల కోరిక మాత్రం తలకిందులు. మావాణ్ణి అరెస్టు చూపించండి, కోర్టులో పెట్టండి, జైలుకు పంపండి అని వేడుకుంటాయి. జైల్లో ఉన్నాడంటే బతికి ఉన్నట్టే లెక్క.

అందుకని పట్టుకుపోయారన్న కబురు అందిన మరుక్షణం దాన్ని పదిమందికీ తెలిసేలా చేయాలి. ప్రధాన న్యాయమూర్తికి, ముఖ్యమంత్రికి, హోం కార్యదర్శికి టెలిగ్రాములు వెళ్లేవి. టెలిగ్రాం మీద తపాలా ఆఫీసు వేసిన తేదీ, టైము రేపు కోర్టులో సాక్ష్యం. ఎదురుకాల్పులు తెల్లవారుజామున జరిగాయని పోలీసులు చెప్పినప్పుడు, అతను మీ చేతిలో ఉన్నాడని అంతకు ముందు రోజు సాయంత్రమే మొరపెట్టుకున్నామని చూపడానికి ఆ ముద్ర పనికొచ్చేది. మరుసటి రోజు జిల్లా పేజీలో, ‘అరెస్టు చేసిన వారిని వెంటనే కోర్టులో హాజరుపరచాలి’ అని రెండు మూడు వాక్యాల ప్రకటన పడేది. పేజీ తిప్పేసే పాఠకుడికి అది చిన్న వార్త. లాకప్పులో ఉన్నవాడికి ప్రాణం మీది ఆశ.

ఆ వెంటే హైకోర్టులో హెబియస్ కార్పస్. పిటిషనరు తల్లో, భార్యో. ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నారు, ఎంతమంది వచ్చారు, ఏ బండిలో ఎక్కించారు, ఎవరు చూశారు అన్న వివరాలన్నీ అందులో రాయాలి. ఎదుటి పక్షం జవాబు ఎప్పుడూ ఒక్కటే: అలాంటి వ్యక్తి మా అదుపులో లేడు. లేడని పోలీసులు ప్రమాణపత్రం ఇస్తే, ఉన్నాడని నిరూపించే బరువు ఆ తల్లి మీదే పడేది. చూసినవాళ్లు సాక్ష్యానికి రావాలంటే మళ్లీ అదే ఠాణా ముందు నుంచి నడిచి రావాలి. చాలా పిటిషన్లు అక్కడే ఆగిపోయాయి. కొన్ని మాత్రం పనిచేశాయి. పిటిషన్ వేశాక ‘కొత్తగా’ అరెస్టయి కోర్టుకు వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ పనికి సంఘం పెద్ద మూల్యమే చెల్లించింది. 1985లో జగిత్యాల న్యాయవాది గోపి రాజన్నను చంపారు. అదే ఏడాది సెప్టెంబరు 3న వరంగల్‌లో, అంతకు ముందు రోజు నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా, పిల్లల డాక్టరు రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. ఆయన పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. 1991 డిసెంబరులో హనుమకొండ న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి, 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ హత్యకు గురయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె.బాలగోపాల్ సంఘం ప్రధాన కార్యదర్శిగా ఊరూరూ తిరిగి ఎన్‌కౌంటర్ల గుట్టు విప్పినందుకు, 1985లో టాడా కింద జైలుకెళ్లారు. 1989లో ‘ప్రజాబంధు’ పేరుతో వచ్చినవాళ్లు ఆయన్నే ఎత్తుకుపోయి తర్వాత వదిలేశారు.

రెండో వైపూ రక్తమే. నక్సలైట్లూ మనుషుల్ని ఎత్తుకెళ్లారు, ఇన్‌ఫార్మర్లన్న పేరుతో చంపారు. ఎందరో పోలీసులు మందుపాతరలకు బలయ్యారు. ఆ హింసను కూడా సూటిగా ప్రశ్నించాలా వద్దా అన్న వాదనతోనే బాలగోపాల్, ఆయన సహచరులు బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే మాజీ ఐఏఎస్ ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలో పౌర స్పందన వేదిక ఉభయపక్షాలకూ నచ్చజెప్పే పనికి దిగింది.

ఎన్‌కౌంటర్ కాగితాల్లో ఒక చిత్రమైన మెలిక ఉండేది. చంపినవాళ్ల మీద కేసు ఉండదు. చనిపోయినవాడి మీదే పోలీసులపై హత్యాయత్నం చేశాడని ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. పోలీసులు ఆత్మరక్షణకు కాల్చారని రాసుకుంటారు. నిందితుడు చనిపోయాడు గనక కేసు మూసేస్తారు. అంటే తూటా దెబ్బకు పోయినవాడు ముద్దాయిగానే ఫైలుకెక్కి, ముద్దాయిగానే ఫైలు దిగిపోతాడు. పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరు 5న ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1997 మార్చిలో కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎం.ఎన్.వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. దేశమంతటికీ వర్తించే ఎన్‌కౌంటర్ మార్గదర్శకాలకు మూలం ఈ తెలుగు ఫిర్యాదే.

ఆ లేఖ వెళ్లిన కొద్ది రోజులకే, 1997 ఏప్రిల్ 6న, సికింద్రాబాద్ అల్వాల్ వెంకటాపురంలోని ఇంట్లో ప్రజాగాయకుడు గద్దర్ మీద గుర్తు తెలియని వ్యక్తులు కాల్పులు జరిపారు. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. అప్పటికి ఆయన చేస్తున్న పని, బూటకపు ఎన్‌కౌంటర్లకు వ్యతిరేకంగా తిరగడం, చనిపోయినవాళ్ల శవాలను కన్నవాళ్లకు అప్పగించాలని కొట్లాడడం. చంపినా చంపారు, శవమైనా ఇవ్వండన్న మొర అది. గుర్తు తెలియని శవంగా కాలిపోతే ఆ మనిషి రెండోసారి మాయమైనట్టే. పేరుతో, ఊరితో, పదిమంది మధ్య దహనం జరిగితే మరణానికి ఒక లెక్క ఉంటుంది.

1999 డిసెంబరు 2న కొయ్యూరు ఎన్‌కౌంటర్‌లో నక్సలైట్ నాయకులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ చనిపోయారు. వాళ్లను బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఇలాంటి కుటుంబాలు దగ్గరై 2002 జులై 18న అమరుల బంధుమిత్రుల సంఘం పెట్టుకున్నాయి. అందులో ముందు నిలిచినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే, తల్లులు, భార్యలు, చెల్లెళ్లు. శవాగారం దగ్గర పడిగాపులు పడి, ముఖం గుర్తుపట్టలేకపోతే పాత దెబ్బ మచ్చనో చేతి మీది పచ్చబొట్టునో బట్టి మావాడేనని చెప్పి, బండి మాట్లాడుకుని ఊరికి తీసుకెళ్లే బరువు వాళ్లు మోశారు. బ్వేనస్ ఏరీస్‌లో 1977 నుంచి తెల్ల రుమాళ్లు కట్టుకుని మే చౌకులో తిరిగిన తల్లులకు, 1994లో శ్రీనగర్‌లో పర్వీనా అహంగర్ కూడగట్టిన తల్లులకు వీళ్లు సాటివాళ్లు.

కోర్టుల్లో మెట్టెక్కడం, జారడం తర్వాతా సాగింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణం సంభవించిన ప్రతిసారీ కాల్చిన పోలీసుల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణో కాదో కోర్టే తేల్చాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014లో మహారాష్ట్ర కేసులో తన సొంత మార్గదర్శకాలు ప్రకటించి, 2019లో హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది.

అదే 2019 డిసెంబరు 6న, చటాన్‌పల్లిలో పోలీసుల అదుపులోని నలుగురు అత్యాచార, హత్య నిందితులు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లినవాళ్లున్నారు. హక్కుల సంఘాలు మాత్రం కోర్టుకెళ్లాయి. శవాలను దహనం చేయనీయకుండా హైకోర్టు సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో భద్రపరిపించింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి రెండోసారి పోస్టుమార్టం చేశారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని తేల్చి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది.

బలవంతపు అదృశ్యాల మీద ఐక్యరాజ్య సమితి ఒడంబడికపై భారత్ 2007 ఫిబ్రవరిలో సంతకం పెట్టింది గానీ, ఇంతవరకూ ధ్రువీకరించలేదు. మనిషిని మాయం చేయడం మన చట్టంలో ప్రత్యేక నేరం కూడా కాదు. 24 గంటల నియమం కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ 58వ సెక్షనుగా ఉంది. ప్రతి ఠాణాలో, జిల్లా కేంద్రంలో అరెస్టయినవారి పేర్లు, ఏ నేరం కింద పట్టుకున్నారో నలుగురికీ కనపడేలా పెట్టాలని 37వ సెక్షను చెబుతోంది. ఆ పట్టికలో అరెస్టు చూపించినవాళ్ల పేర్లే ఉంటాయి. చూపించకుండా పట్టుకుపోయినవాళ్ల కోసం ఇంట్లోవాళ్లు ఇప్పటికీ కన్నబిరాన్ కాలం నాటి దారే పట్టాలి: పత్రికకు ప్రకటన, హైకోర్టులో హెబియస్ కార్పస్, అదీ ఆ రాత్రికి రాత్రే.