చీటీ చూపిన దారి

సర్వీసు రిజిస్టరులో ఒక్క పద్దు లోపిస్తే పింఛను మంజూరు ఎన్నాళ్లు ఆగుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పాత నమోదు విలువ కచేరీకే పరిమితం కాదని, అడవిలో కూడా అది అక్కరకు వస్తుందని తెలిపే చరిత్ర ఒకటి ఉన్నది.

ఐరోపా దేశాలలో ఇళ్ల కలపను తినివేసే ఒక శిలీంధ్రం ఉన్నది. శాస్త్రనామం సెర్పులా లాక్రిమాన్స్. ఇది పట్టిన దూలం గోధుమరంగుకు తిరిగి, చదరాలుగా పగిలి, చేత నలిపితే పొడి అవుతుంది. దాని ఒంటిపై నీటిబొట్లు ఊరుతాయి కనుక, లాటిను భాషలో 'కన్నీరు కార్చేది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1781లో ఆస్ట్రియాకు చెందిన వుల్ఫెన్ దీనిని మొదట వర్ణించాడు. చల్లదనం కోరే జాతి కనుక మన ఎండలకు నిలవదు. మన దూలాలకు చెదలే శత్రువు.

చిత్రమేమంటే, ఐరోపాలో ఇది దాదాపు ఇళ్లలోనే కాని అడవులలో కానరావడం బహు అరుదు. మరి దీని పుట్టిల్లు ఎక్కడ?

డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన కె. బాగ్చీ, ఇది హిమాలయాల అడవులలో ఉన్నదని 1954లో ప్రకటించారు. ఇటువంటి నమూనాలను ఎండబెట్టి, కాగితపు పొట్లాలలో భద్రపరచే చోటును హెర్బేరియం అంటారు. ఏ చెట్టు, ఏ ఊరు, ఏ తేదీ, సేకరించినదెవరు అనే వివరాలతో ప్రతి పొట్లానికీ చీటీ ఉంటుంది. ఊరి పేరు లేని పొట్లం పద్దులు లేని సర్వీసు రిజిస్టరు వంటిదే.

1992లో జగ్‌జిత్ సింగ్ తదితరులు పాత నమోదులను ఆధారం చేసుకొని హిమాచల్ ప్రదేశ్‌లోని నార్కండా ప్రాంతపు అడవులలో వెదికారు. ఆ శిలీంధ్రం అక్కడ మళ్లీ దొరికింది! బాగ్చీ దానిని మెరూలియస్ లాక్రిమాన్స్ అన్న పాత పేరుతో రాశారు. శాఖ పేరు మారినా పాత ఫైలు పాత పేరుతోనే ఉన్నట్లు, ఇక్కడా పాత పేరు తెలిసినవారికే నమోదు చిక్కుతుంది.

వివిధ దేశాల నమూనాల డి.ఎన్.ఎ.ను పోల్చి, దీని మూలం ఆసియా ప్రధాన భూభాగమని, అక్కడి నుండే లోకమంతా వ్యాపించిందని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఐరోపా ఇళ్లలోని సంతతి అంతా కొద్దిపాటి మూలం నుండి వచ్చినదేనని కూడా తేలింది.

చీటీ రాసిన చేతికి, అది 38 ఏళ్ల తరువాత ఎవరికి దారి చూపుతుందో తెలియదు. ఇటువంటివి ఎల్.డిస్. కాగితాలు కావు, ఆర్.డిస్.గా కలకాలం ఉంచదగినవి. మన ఇళ్లలోని పాత ఫొటోల వెనుక కూడా పేరు, ఊరు, తేదీ రాసి ఉంచుదాము. మన మనుమలకు అదే ఆధారం.