అరిగిన మరచుట్టు: మరమ్మతు వెనుకనున్న చరిత్ర

కొండదారులలోను, బురదలోను, రాళ్ళ బాటలలోను నడచుటకు నిర్మించిన జీపు వంటి వాహనమునకు ఉక్కు చట్రమే వెన్నెముక. దీనినే చాసిస్ అందురు. ఇంజను, స్ప్రింగులు, బంపరు మొదలగునవి దీనికి బోల్టులతో బిగింపబడి యుండును. దారిలోని కుదుపుల భారము చాలవరకు ఈ బోల్టుల మీదనే పడును. ఒక్కొక్కప్పుడు ఒక బోల్టు ఎంత త్రిప్పినను బిగియక ఊరకే తిరుగుచుండును. లోపలి మరచుట్లు తెగిపోయినవని దీని అర్థము. దీనినే కార్ఖానాలలో ‘త్రెడ్డు పోయినది’ అందురు. చెడినది రంధ్రములోని సన్నని లోహపు గట్టు మాత్రమే. కాని దానిని తిరిగి పూర్వపు కొలతకే తేగలుగుటకు మానవునికి వందేండ్లకు పైగా పట్టినది.

ప్రతి జతకు ఒక కొలత

పదునెనిమిదవ శతాబ్దములో బోల్టులకు, నట్టులకు ఉమ్మడి కొలత లేదు. ఏ కార్ఖానా మరచుట్లు ఆ కార్ఖానావే. ఒక బోల్టుకు చేసిన నట్టు ప్రక్క బోల్టుకు పట్టెడిది కాదు. అందుచే యంత్రమును విప్పునపుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకొనవలసి వచ్చెడిది. ఒకటి చెడినచో దానికి సరిపడు జోడును ప్రత్యేకముగ చేయవలసినదే.

1800 ప్రాంతమున లండను నగరములో హెన్రీ మాడ్స్లే మరచుట్లను కచ్చితముగ కోయు లేతును నిర్మించెను. ఒకే విధమగు మరలను ఎన్నింటినైనను చేయుటకు దీనితో వీలు కలిగెను. ఆయన కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్వర్త్ మరియొక అడుగు ముందుకు వేసెను. ఆయన అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి, వాని సగటును అనుసరించి ఒక పట్టికను తయారుచేసి 1841లో ఇంజనీర్ల సంఘము ముందుంచెను. మరచుట్టు కోణము 55 డిగ్రీలు. ప్రతి వ్యాసమునకు అంగుళమునకిన్ని చుట్లు అని నిర్ణయము. అర అంగుళపు బోల్టుకు అంగుళమునకు 12 చుట్లు. ఒక ఊరిలో చేసిన బోల్టు వేరొక ఊరి నట్టుకు పట్టుట అప్పటినుండి సాధ్యమయ్యెను.

రెండు కోణముల చిక్కు

1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ వేరొక పద్ధతిని ప్రతిపాదించెను. 55 డిగ్రీల కోణమును, గుండ్రని శిఖరమును కచ్చితముగ చేయుట కష్టమని ఆయన వాదము. సమబాహు త్రిభుజములోని 60 డిగ్రీల కోణమును కొలుచుట తేలిక. శిఖరమును చదునుగ ఉంచినచో కోయుటయు తేలికయే. ఈ పద్ధతి అమెరికాలో వ్యాపించెను. అందులో అర అంగుళపు బోల్టుకు 13 చుట్లు.

పన్నెండునకు పదమూడునకు భేదము స్వల్పమని తోచవచ్చును. లెక్క వేసి చూచినచో విషయము తేటపడును. అర అంగుళము లోతు పోవునప్పటికి ఒకదానిలో 6 చుట్లు, రెండవదానిలో ఆరున్నర చుట్లు ఉండును. అనగా బోల్టు గట్టు నట్టు గాడిలో పడక, గట్టు మీదనే పడును. మొదటి చుట్లు సులభముగనే ఎక్కును, ఆపై బిగుసుకొనును. తుప్పు పట్టినదని భ్రమించి పానాతో బలముగ త్రిప్పినచో మెత్తనిదగు లోహము తెగిపోవును. మరచుట్లు చెడుటకు అరుగుదల, తుప్పు, అతిగా బిగించుట కారణములైనట్లే ఈ పొరపాటును ఒక కారణము.

యుద్ధము నేర్పిన పాఠము

రెండవ ప్రపంచయుద్ధములో ఈ భేదము దేశముల సమస్యగ పరిణమించెను. 1940లో అమెరికాలోని ప్యాకార్డ్ కంపెనీ బ్రిటిష్ వారి మెర్లిన్ విమాన ఇంజనులను చేయుటకు ఒప్పుకొనెను. ఆ ఇంజనులలో నున్నవి బ్రిటిష్ మరలు. వానిని కోయు ట్యాపులను, డైలను ఆ కంపెనీ ప్రత్యేకముగ సమకూర్చుకొనవలసి వచ్చెను. అటులనే, యుద్ధకాలములో ఆరు లక్షలకు పైగా తయారైన జీపులలో నున్నవి అమెరికా మరలు. బ్రిటిష్ లారీలతోపాటు జీపులను బాగుచేయువారికి రెండు విధముల బోల్టులు, రెండు విధముల పానాలు అవసరమయ్యెను. ఒక చిన్న బోల్టు దొరకక బండి నిలిచిపోయినచో యుద్ధరంగములో అది అల్ప విషయము కాదు.

1948 నవంబరు 18న వాషింగ్టనులో అమెరికా, బ్రిటను, కెనడాల ప్రతినిధులు ఉమ్మడి మరచుట్టును అంగీకరించుచు సంతకములు చేసిరి. దీనికి యూనిఫైడ్ మరయని పేరు. కోణము 60 డిగ్రీలు. తరువాత అంతర్జాతీయముగ ఏర్పడిన మెట్రిక్ మరకును ఇదే కోణము. అయినను ఒడంబడిక కుదిరిన రోజుననే పాత బోల్టులు మాయము కాలేదు. అదే సంవత్సరము ఏప్రిలులో వెలువడిన లాండ్ రోవరు తొలి నమూనాలలో బ్రిటిష్ మరలే ఉండెను; తరువాతి కాలపు నమూనాలలో యూనిఫైడ్ మరలు, ఆపై మెట్రిక్ మరలు చేరెను. భారతదేశములోను 1940ల చివర బొంబాయిలో జీపుల కూర్పు ఆరంభమైనది. 1956లో మెట్రిక్ కొలతలకు చట్టము చేయబడెను. ఈ విధముగ వేర్వేరు కాలముల బండ్లు ఒకే మెకానిక్కు చేతికి రాసాగెను.

తీగెచుట్టతో క్రొత్త మర

చెడిన మరకు పాత చికిత్స రంధ్రమును పెద్దది చేసి, పెద్ద మర కోసి, లావు బోల్టు వేయుట. దీనివలన చట్రములోని లోహము తగ్గును. బిగింపవలసిన భాగములోని రంధ్రమును గూడ పెంచవలసి వచ్చును. ఆపైని ఆ ఒక్క చోటికి ప్రత్యేకమగు బోల్టు కావలెను. విట్వర్త్ తొలగించిన చిక్కే మరల వచ్చినట్లగును.

1930లలో అమెరికాలో రూపొందిన తీగెచుట్ట ఈ లోపమును సవరించినది. వజ్రాకారపు అడ్డుకోత గల ఉక్కు తీగెను స్ప్రింగువలె చుట్టి దీనిని చేయుదురు. మొదట చెడిన రంధ్రమును కొలత ప్రకారము డ్రిల్లు చేసి, తీగెచుట్ట కొరకై చేసిన ట్యాపుతో క్రొత్త మర కోయుదురు. విడిగా నున్నపుడు చుట్ట ఆ రంధ్రముకంటె కొంచెము లావుగ నుండును. దానిని సాధనముతో నొక్కి త్రిప్పుచు లోపలికి ఎక్కింపగా, తిరిగి విచ్చుకొనుటకు యత్నించి గోడలను గట్టిగ పట్టుకొనును. త్రిప్పుటకై అడుగున ఉంచిన తోకను పిమ్మట విరిచి తీసివేయుదురు. చుట్ట లోపలి అంచు పూర్వపు కొలత గల మరచుట్టుగ ఏర్పడును. పాత బోల్టు కొలతయే మరల చెల్లును.

దీనివలన మరియొక లాభము కలదు. సాధారణముగ బిగించిన బోల్టు కొంత సాగుటచే మొదటి చుట్టు మీదనే ఇంచుమించు మూడవ వంతు భారము పడును. తీగెచుట్ట కొంచెము సర్దుకొనగలుగుటచే భారము మిగిలిన చుట్లకు గూడ పంచబడును. మెత్తని అల్యూమినియములో ఇది మిక్కిలి ఉపయుక్తము. కాని పలుచని చట్రపు గోడలో చుట్టకు తగిన లోతు దొరకదు. అచ్చట చెడిన నట్టును తొలగించి క్రొత్తదానిని వెల్డింగు చేయుటయే సరియైన పని.

ఏ పద్ధతి అవలంబించినను ముందుగ ఆ మర ఏ జాతిదో తెలిసికొనవలెను. దంతముల వంటి అంచులు గల మరగేజి రేకులను బోల్టుపై ఆనించి, వెలుతురుకు ఎదురుగ పట్టి చూచినచో ఏ రేకు సందు లేక కూర్చుండునో అదియే దాని కొలత. మెకానిక్కు పెట్టెలోని ఆ రేకులలో విట్వర్త్, సెల్లర్స్ వాదములును, 1948నాటి ఒడంబడికయు ఇమిడి యున్నవి.