ఊరు రాసుకోవాల్సిన బడి ప్రణాళిక

బడి కోసం ఊరు చేయి వేయడం మనకు కొత్త కాదు. స్థలమిచ్చినవారు, గది కట్టించినవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. బడికి ఏం కావాలో తేల్చే హక్కు ఊరికి దక్కడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది.

1950ల చివర, కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో విద్యాశాఖ అధిపతి ఎన్.డి. సుందరవడివేలు పూనికతో పాఠశాలాభివృద్ధి మహాసభలు జరిగాయి. బడుల అవసరాలను ముందుగా జాబితా వేసి, సభలో ప్రజల ముందు పెట్టేవారు. దాతలు బల్లలు, దుస్తులు, భవనాలు సమకూర్చేవారు. ఆనాడు ఊరిని ప్రధానంగా అడిగింది విరాళమే.

1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి బడీ తన ప్రణాళికను తానే వేసుకోవాలంది. ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులను కలిపి స్కూల్ కాంప్లెక్స్‌గా నడపమంది. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. ఒంటరిగా పాఠం చెప్పుకునే పంతుళ్లు ఒకచోట కూర్చుని బోధన గురించి మాట్లాడుకునే వీలు కలిగింది. తల్లిదండ్రులు మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉన్నారు.

1986 జాతీయ విద్యా విధానం, దాని 1992 కార్యాచరణ ప్రణాళిక గ్రామ విద్యా కమిటీలకు బాట వేశాయి. 1990లలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాలతో మన దగ్గర అడుగుపెట్టింది. 1998లో ఆంధ్రప్రదేశ్ బడుల నిర్వహణలో సమాజ భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టమే చేసింది. తల్లిదండ్రులు తమలోంచి సభ్యులను ఎన్నుకునే కమిటీలు వచ్చాయి.

2009 విద్యాహక్కు చట్టం ఆ ఏర్పాటును దేశమంతటికీ విస్తరించింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను ఈ కమిటీయే తయారుచేయాలి. తరగతివారీగా ఎందరు పిల్లలు వస్తారు, ఎందరు ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు కట్టాలి, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలతో మూడేళ్ల ప్రణాళిక వేయాలని నమూనా నిబంధనలు చెబుతున్నాయి.

ఆ తర్వాత పెద్ద ఎత్తున పనులు జరిగాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడులను ఎంచుకుని, పనులను తల్లిదండ్రుల కమిటీల చేతికిచ్చింది. 2022లో తెలంగాణ 'మన ఊరు-మన బడి'ని 12 అంశాలతో ప్రారంభించింది. నీళ్లొచ్చే మరుగుదొడ్డి ఆడపిల్లను బడిలో నిలబెడుతుంది; ఆ మేలు చిన్నది కాదు. అయినా ఆ అంశాల పట్టిక పైనుంచే వచ్చింది. ఊరికి అప్పగించింది దాన్ని అమలుచేసే బాధ్యతను.

మరుగుదొడ్లు, రంగులు అన్ని బడులకూ ఒకే పట్టికలో ఇమిడిపోతాయి. ఐదో తరగతి పిల్లాడు పేరా ఎందుకు చదవలేకపోతున్నాడో, పత్తి ఏరే రోజుల్లో హాజరు ఎందుకు పడిపోతుందో ఏ పట్టికా చెప్పలేదు. అవి ఆ వీధికే తెలుసు. అందుకే కమిటీ ప్రణాళిక రాసే సమావేశాన్ని కూలికెళ్లే తల్లి ఇంటికొచ్చే వేళకు పెట్టాలి. రాసినదంతా సంతకానికి ముందు ఆమెకు చదివి వినిపించాలి. ఆమె చెప్పిన ఒక్క మాటైనా ఆ కాగితంలోకి ఎక్కిన రోజున, చట్టం ఇచ్చిన హక్కు బడి గుమ్మం దాటి లోపలికి వచ్చినట్టు.