కారాగారమును రాజకోశమును



రాజ్యమునకుఁ గల సప్తాంగములలో కోశ మొకటియని మన పెద్దలు లెక్కించిరి. ఆ కోశమునుండి సేనకెంత, చెఱువులకెంత యని విచారించుట వాడుకయే. బందీలకెంత యని యడుగువారు మాత్రము అరుదు. నేఁడా లెక్కను కొంత విప్పి చూతము.

ఈ విచారము క్రొత్తది కాదు. కర్నూలు జిల్లాలో పత్తికొండకు సమీపమున ఎఱ్ఱగుడి బండలపై క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో అశోకుఁడు చెక్కించిన శాసనములు కలవు. ధర్మమహామాత్రులను నుద్యోగులు బందీల యోగక్షేమము చూడవలెననియు, బిడ్డలు గలవారికిని ముదుసలులకును విడుదల విషయమునఁ దోడ్పడవలెననియు వానిలో 5వ శాసనము తెలుపుచున్నది. కౌటిల్యుని యర్థశాస్త్రము స్త్రీపురుషులకు వేఱువేఱు బంధనస్థానములు కట్టవలెనన్నది. బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను రాజు జన్మనక్షత్రమునాఁడును పూర్ణిమలందును విడువుమన్నది.

ఆంగ్లేయుల కాలమున 1894లో కారాగార చట్టము పుట్టెను. శిక్షచే బందీ మనస్సు చెడుచున్నదని తోఁచినచో వైద్యాధికారి ఆ సంగతి పైయధికారికి వ్రాయవలెనని యందు విధించిరి. మంచి విధియే. కాని వ్రాసినంతమాత్రమున రోగము కుదురదు. వైద్యుఁడు, మందు, పడక, కావలివాఁడు, ఇవన్నియు ధనముతోఁ గూడిన పనులు.

ఆ లోటుయొక్క ఫలము బీహారు రాష్ట్రమున వెల్లడియయ్యెను. విచారణయే జరుగక, నేరము ఋజువైనచోఁ బడఁదగిన శిక్షకంటెను అధికకాలము చెఱలో నున్నవారి గోడు 1979లో హుసేనారా ఖాతూన్ వ్యాజ్యముగా సుప్రీముకోర్టు కెక్కెను. ధనము లేదను నెపమున ప్రభుత్వము సత్వర విచారణను నిరాకరింపఁజాలదని న్యాయమూర్తి భగవతిగారు తీర్పు చెప్పిరి. 1982లో వీణా సేఠీ వ్యాజ్యము వచ్చెను. మతి చలించినవారని హజారీబాగు చెఱలో నుంచిన కొందఱు, మనస్సు కుదుటఁబడిన పిమ్మటను ఏండ్లతరబడి యందే మ్రగ్గిరి. 20 ఏండ్లు దాఁటినవారును గలరు. వారిని విడిపించి, ఇల్లు చేరుటకు దారిఖర్చును, ఒక వారము గ్రాసమును ప్రభుత్వమే యీయవలెనని కోర్టు శాసించెను. ఆ దారిఖర్చెంత? అన్నియేండ్లు వారిని పోషించిన వ్యయమెంత? లెక్క మీకే విడుచుచున్నాను.

చెఱువు నిండుచుండఁగా తూము మూసి గట్టు పెంచిన లాభమేమి? న్యాయస్థానము తూము, చెఱసాల గట్టు. న్యాయాధిపతులకును వైద్యులకును మిగిల్చినట్లు తోఁచిన ధనము చెఱసాల కూటికై వెచ్చమగును. మనుష్యుని యాయుస్సు అదనపు నష్టము.

మన రాజ్యాంగము కారాగారములను రాష్ట్రముల వశము చేసినది. ప్రతిరాష్ట్రమున నొక్క చెఱసాలయందైనను మానసికవైద్యశాల నేర్పఱుపవలెనని 2017వ సంవత్సరపు చట్టము నిర్దేశించినది. కావున శాసనసభకు ఏఁటేఁట వచ్చు ఆయవ్యయపత్రమున చెఱసాల, న్యాయస్థానము, మనోవైద్యము అను మూఁడు పద్దులను ఒకచోఁ జేర్చి చదువుఁడు. ఓట్లడుగ వచ్చినవారిని వానిఁగూర్చి ప్రశ్నింపుఁడు. అశోకుఁడు బండపైఁ జెక్కించిన పనికి నేఁడు పద్దు వ్రాయించువారు మీరే.