నక్షత్రం, శిలువ, కొంచెం తుప్పు

కిరసనాయిలులో నానిన మడత చాకును పాత నూలుగుడ్డతో తుడుస్తుంటే, అలుగు మొదట్లో పదును లేని మందపాటి చోట ముందుగా ఒక నక్షత్రం తేలింది. దాని పక్కనే మాల్టా శిలువ. ఇంకాస్త తుడిస్తే ‘రోడ్జర్స్’ అన్న పేరు, దాని కింద ‘షెఫీల్డ్’.

ఆ రెండు గుర్తులూ ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరానికి చెందిన జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్ వారివి. 1682 నుంచీ ఈ వృత్తిలో ఉన్నామని చెప్పుకునే ఆ ఇంటికి నక్షత్రం, శిలువ ముద్ర 1764లో దక్కింది. దాన్ని ఇచ్చింది హాలమ్‌షైర్ కట్లర్స్ కంపెనీ. 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఈ వృత్తి సంఘం ఎవరి ముద్ర ఎవరిదో పుస్తకాల్లో రాసిపెట్టేది. ఒకరి ముద్రను మరొకరు కొట్టడం నేరం. చదువు రాని కొనుగోలుదారు కూడా ఆ గుర్తు చూసి సరుకు మంచిదో కాదో తేల్చుకునేవాడు కాబట్టి, ముద్రే కత్తికి పరువు.

కాలాన్ని పట్టించేదీ ముద్రే. రోడ్జర్స్‌కు 1822లో రాజాస్థాన గుర్తింపు వచ్చాక, కిరీటానికి అటూ ఇటూ పాలకుల పేరు, బిరుదుల మొదటి అక్షరాలు వేయడం మొదలైంది. ‘వి’, ‘ఆర్’ ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837 – 1901 మధ్య. నా చాకు మీద ఉన్నవి ‘జి’, ‘ఆర్’. జార్జి రాజులు చాలామంది ఉన్నారు కాబట్టి అంతటితో తేలదు. అయితే చివర్లో ‘ఇంగ్లండ్’ అన్న మాట కూడా ఉంది. 1890లో అమెరికా తెచ్చిన సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్నాక వ్యాపించిన అలవాటు అది. కనుక ఈ ‘జి’ 1830లో పోయిన నాలుగో జార్జి కాదు, 1910లో గద్దెనెక్కిన అయిదో జార్జి గానీ ఆయన కొడుకు గానీ. వేలిగోరంత చోటులో ఇంత చరిత్ర ఉంది. ఉప్పుకాగితంతో నాలుగు సార్లు గట్టిగా రుద్దితే తుప్పుతో పాటు ఇదంతా పోతుంది.

ఈ చాకును కానుకగా ఇచ్చింది మా మావయ్య స్నేహితుడు, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. వాళ్ల నాన్నగారు దీంతోనే పెన్సిళ్లు చెక్కుకునేవారట, వేసవిలో మామిడికాయలు కోసేవారట. “బాగుచేసుకో బాబూ, కానీ కొత్తదానిలా మాత్రం చేయకు” అన్నారు. కత్తిని కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందని ఇంగ్లండులో ఒక నమ్మకం. పుచ్చుకున్నవాళ్లు చిన్న నాణెం ఒకటి తిరిగి ఇస్తే అది కానుక కాక కొనుగోలు అవుతుంది, దోషం పోతుంది. ఆ సంగతి చెప్పి రూపాయి చేతిలో పెడితే ఆయన ఆనందంగా తీసుకున్నారు.

రెండు అలుగులు, వాటిని పట్టి ఉంచే వీపు స్ప్రింగు, లోపలి ఇత్తడి రేకులు, పైన నల్లటి గేదె కొమ్ము పిడి, రెండు కొసల్లో జర్మన్ సిల్వర్ తొడుగులు, వీటన్నిటినీ బిగించే సన్నటి సీలలు. చాకు అంతా ఇంతే. అయినా ఒక్క మనిషి చేతిలో తయారైంది కాదు. ఒకరు కొలిమిలో అలుగును సాగగొడితే, మరొకరు సానరాయి మీద దాన్ని అరగదీసేవారు. భాగాలన్నీ కూర్చేది మూడో మనిషి. ఇలా ఎవరి పని వారిదిగా చిన్న అద్దె గదుల్లో పనిచేసిన స్వతంత్ర పనివాళ్లను షెఫీల్డ్‌లో ‘లిటిల్ మెస్టర్స్’ అనేవారు. స్ప్రింగును, అలుగు మొదటిని ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున రాస్తూ పోతే గానీ తెరిచినప్పుడు, మూసినప్పుడు ఆ గట్టి ‘టక్’ శబ్దం రాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా చాకు ఆ శబ్దం చేస్తుంది. ఆ పనితనం చేసిన మనిషి పేరు అలుగు మీద లేదు. ఆ లోటు నన్ను చాలా బాధపెడుతుంది.

సాన పట్టేవాళ్ల గతి ఇంకా దారుణం. పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ వంటి చిన్న వాగుల నీటితో, తర్వాత ఆవిరితో తిరిగే ఇసుకరాతి చక్రాల మీదికి వంగి రోజంతా పనిచేసేవారు. రాతిపొడి, ఉక్కురజను ఊపిరితిత్తుల్లో పేరుకునేవి. నీళ్లు లేకుండా పొడిరాయి మీద ఫోర్కులు అరగదీసేవాళ్లు 28 – 32 ఏళ్లకే చనిపోతున్నారని షెఫీల్డ్ వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ 19వ శతాబ్దం తొలి భాగంలోనే రాశాడు. దుమ్మును లాగేసే ఫ్యాన్లు వచ్చాక కూడా వాటిని అన్నిచోట్లా పెట్టలేదు. పాత షెఫీల్డ్ చాకుల అందం గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతీ చెప్పాలి.

ఇక తుప్పు. అందులో రెండు రకాలున్నాయి. ఎర్రగా, పొరలుగా లేచేది ఉక్కును తింటూనే ఉంటుంది. దాన్ని తీసేయాలి. బూడిద, నీలం, నలుపు కలిసిన నిగారింపు వేరు. పండ్ల పులుపు, చేతి చెమట, ఏళ్ల తరబడి వాడకం కలిసి వేసిన పొర అది. కొంతవరకు ఎర్ర తుప్పును కూడా అడ్డుకుంటుంది. దాన్ని గీకేసి అద్దంలా మెరిపించడం నా దృష్టిలో బాగుచేయడం కాదు, పాడుచేయడమే. కిరసనాయిలుతో మెత్తబడిన ఎర్ర తుప్పును బాగా సన్నటి స్టీల్ ఉన్నితో, నూనె వేస్తూ, బరువు పెట్టకుండా తీశాను. కీలు సందుల్లో గట్టిపడిన మురికికి వెదురు పుల్ల చాలింది. ఇత్తడి మీది చిలుమును కూడా పైపైనే తీశాను. వెనిగర్‌లో నానబెడితే తుప్పు తొందరగానే పోతుంది. కానీ ఆ పులుపు మంచి ఉక్కును కూడా తింటుంది, ముద్ర అంచులు అరుగుతాయి. సీలలు ఊడదీయలేదు. వాటి తలలు కొట్టి చదును చేసినవి, ఒకసారి తీస్తే పాతవి తిరిగి పనికిరావు. కొమ్ము మన గోళ్ల వంటి పదార్థమే కాబట్టి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మరీ ఎండితే పగులుతుంది. పిడిని నీళ్లకు దూరంగా ఉంచి, పలచగా నూనె రాసి, ఆరనిచ్చి తుడిచేశాను.

ఆ కొమ్ము ఏ దేశపు గేదెదో ఈ ఒక్క చాకును చూసి చెప్పలేం. కానీ షెఫీల్డ్ పిడులకు గేదె కొమ్ములు, దుప్పి కొమ్ములు మన దేశం నుంచి ఓడలకెత్తిన రోజులున్నాయి. ఉక్కు సంగతిలో మనకున్న బంధం ఇంకా లోతైనది.

1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, తన స్ప్రింగులకు నాణ్యమైన ఉక్కు దొరకక, షెఫీల్డ్ దగ్గర మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి సాధించాడు. షెఫీల్డ్ మూస ఉక్కు కథ అక్కడ మొదలైంది. మూసల్లో ఉక్కు తీయడం మన నేలకు అప్పటికే ఎంతో పాత విద్య. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో వేర్వేరు ఇనుములను కలిపి మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ అక్కడికి వెళ్లి చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే ఉండి సరుకు కొంటున్నాడని కూడా ఆయన రాశాడు.

అంతకుముందే, 1794లో, బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ ఇలాంటి భారతీయ ఉక్కు ముద్దలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ వాటి మీద జరిపిన పరీక్షలను ప్రచురించాడు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. బ్యాంక్స్ కోరగా జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఆ ఉక్కుతో చేసి చూపింది కత్తీ కటారీ కాదు, ఒక చిన్న చాకు. దాని అంచు మేలైన ఉక్కు చాకులకు తీసిపోలేదు. అదే స్టోడార్ట్ తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద పరిశోధన చేసి 1820, 1822లలో వ్యాసాలు వెలువరించాడు. పెద్ద మోతాదు ప్రయోగాలకు వాళ్లు ఎంచుకున్న చోటు షెఫీల్డే.

1913లో అదే షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చేసే ఉక్కు కోసం వెతుకుతూ, క్రోమియం కలిసిన తుప్పు పట్టని ఉక్కును కనుగొన్నాడు. స్థానిక కత్తుల వాళ్లు మొదట దాన్ని తెగని కత్తి అని ఎగతాళి చేశారు. ఆ తర్వాత వంటిళ్లన్నీ దానివే అయ్యాయి. తుప్పు పట్టే పాత ఉక్కు చాకులు అల్మారాల అడుగుకు చేరాయి.

మళ్లీ నా చాకు సంగతికి వస్తే, పదును పెట్టేటప్పుడే అసలు ప్రమాదం. కరెంటు సానచక్రం మీద పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, సన్నటి అంచు క్షణాల్లో కాలి నీలిరంగుకు తిరుగుతుంది. దాదాపు 300 డిగ్రీలు దాటిందనడానికి ఆ రంగే గుర్తు. దానితో అలుగు గట్టిదనం పోతుంది, ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు. అందుకే చేత్తో, నూనె వేసిన సానరాయి మీద, అలుగును ఇరవై డిగ్రీల వాలుకు కాస్త అటూ ఇటూగా పట్టి నెమ్మదిగా నూరాను. పెద్ద అలుగు తేలిగ్గానే పదునెక్కింది. చిన్న అలుగు ఏళ్ల తరబడి నూరీ నూరీ సన్నబడింది, కొన కూడా కాస్త విరిగింది. కొత్త కొన తీయాలంటే ఉన్న ఉక్కులో చాలా భాగం అరగదీయాలి. అందుకని దాన్ని అలాగే ఉంచాను.

ఇలాంటి చాకు మీ ఇంట్లో ఉంటే తోలు సంచిలో దాచకండి. తోలును శుద్ధి చేయడానికి వాడే రసాయనాలు ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. పొడి నూలుగుడ్డ చుట్టి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి పెట్టండి. వానాకాలంలో తరచుగా తెరిచి తుడవండి. కొమ్మును పురుగు తింటుంది కాబట్టి పిడి మీద సన్నటి గుంటలేమైనా పడ్డాయా అన్నది వెలుతురులో ఒకసారి చూసుకోండి.